ముట్టిందా, కుట్టిందా

ఆండాలమ్మ గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆవిడ రమ్మనదు, కూర్చోమనదు. గడప అవతలే నిలబెట్టి "ముట్టిందా, కుట్టిందా?" అని అడుగుతుంది. సరిగ్గా జవాబు చెప్పినవాళ్ళకే లోపలికి దారి. పదకొండేళ్ళ కిందట, కందిరీగ కుట్టిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని, ఏడుపు దిగమింగుకుంటూ మేడమెట్లు దిగిన నన్ను కూడా అలాగే నిలబెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఇంట్లో మేడ మీది గదిలో అద్దెకు దిగి అప్పటికి పదిహేను రోజులు. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కందిరీగ కుట్టింది. కింద పెద్దావిడ మందు వేస్తుందని ఎవరో చెప్పగా వచ్చాను.

"కందిరీగండీ! అది ముట్టుకుని ఊరుకుంటుందా? కుడుతుంది గానీ" అన్నాను.

"గట్ల గాదు. కుట్టింది అని నోటితోని చెప్పు."

"కుట్టింది."

"ఆఁ. ఇగ రా. కూసో."

చెయ్యి వాచిపోతుంటే వ్యాకరణం అప్పజెప్పించుకునే వైద్యం నేనెక్కడా చూడలేదు. అయినా కూర్చున్నాను. పెరట్లోకి వెళ్ళి గుప్పెడు ఆకు కోసుకొచ్చి, అరచేతిలో నలిపి, పసరు పిండింది. నేను బి.ఎస్సీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని. ఊరుకోలేక "కుప్పింటాకు కదండీ ఇది?" అన్నాను. తడి చేత్తోనే నా నోరు మూసింది. "పేరు తియ్యకు. పేరు తీస్తె పని జెయ్యది" అంది.

తర్వాత ఒక చింతపిక్క తీసింది. మా గుంటూరు వైపు పిక్క అంటాం, ఆవిడ గింజ అంటుంది. తడి రాయి మీద దాన్ని ఒకవైపు అరగదీసి, నల్లతోలు పోయి లోపలి తెలుపు కనబడగానే, కుట్టినచోట పెట్టి నొక్కింది. గింజ అతుక్కుపోయింది. విషం లాగినంతసేపు పట్టుకునే ఉంటుందట, లాగడం అయిపోగానే దానంతటదే రాలుతుందట. రాలేదాకా లేవకూడదట. అది విషం లాగి రాలుతుందో, జిగురు ఆరి రాలుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అరగంటకు నొప్పి మాత్రం తగ్గింది. కందిరీగ నొప్పి అరగంటకు ఎలాగూ తగ్గుతుందని మా ఆఫీసులో ఒకాయన తేల్చేశాడు. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

ఆ అరగంటలో ఆవిడ నా ఊరు, ఉద్యోగం, అమ్మానాన్నలు పోయిన సంగతి, పెళ్ళి చేసుకోని సంగతి అన్నీ రాబట్టింది. మైథిలి అని పేరు చెప్పినా పట్టించుకోకుండా ఆపీసమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. నేను మామ్మగారూ అంటే, "మామ్మ ఏంది, మేకపిల్ల ఒర్రినట్టు" అని నవ్వింది. గింజ రాలింది. లేచి, మర్యాద తెలిసినదాన్ని కాబట్టి, "వెళ్ళొస్తానండీ" అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. "అనొద్దు! మల్ల కుట్టిపిచ్చుకోని వస్తవా? మందు వేస్కున్నోళ్ళు ఈ గడపల పోయొస్త అనొద్దు. తిరిగి సూడొద్దు. సప్పుడు జెయ్యక పో."

పక్క కొట్టుకు ఉప్పు తేవడానికి వెళ్ళేటప్పుడు కూడా వెళ్ళొస్తానని చెప్పే ఇంట్లో పెరిగాను నేను. వెళ్తాను అని ఊరుకుంటే మా అమ్మ చెంప వాయించేది. అలాంటిది ఒక ఇంట్లోంచి ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా బయటికొచ్చింది అదే మొదటిసారి. మెట్లెక్కి గదిలోకొచ్చాక కూడా ఏదో మరిచిపోయినట్టే అనిపించింది.

హుస్సేనీ ఆలంలో ఆ గల్లీలో మూడొంతులు ముస్లిముల ఇళ్ళు. మిగిలినవి తరాల నుంచి పాలవ్యాపారం చేసిన వాళ్ళవి. ఆండాలమ్మ పెనిమిటి బీరయ్యకు ఒకప్పుడు పద్నాలుగు బర్రెలుండేవట. గల్లీలో అందరి ఇళ్ళకూ ఆ పాలేనట. నేను చేరేనాటికి బీరయ్యా లేడు, బర్రెలూ లేవు, పిల్లలు ముందునుంచీ లేరు. మిగిలింది ఖాళీ కొట్టం. అందులో పాత పాలక్యాన్లలో, పగిలిన రంగు డబ్బాల్లో ఆవిడ మొక్కలు పెంచేది. చూసినవాళ్ళు కలుపు అనుకునేవాళ్ళు. ఉత్తరేణి, తుమ్మి, కుప్పింట. చూడండి, నేను మళ్ళీ పేర్లు తీశాను.

మందు అత్తగారి నుంచి వచ్చింది. తేలు, జెర్రి, కందిరీగ, తేనెటీగ, ఏది కుట్టినా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. "బిచ్చూ కాటా అమ్మా", తేలు కుట్టిందంటూ వచ్చేవాళ్ళను "దేఖే క్యా? బిచ్చూచ్ హై నా?", చూశారా, తేలేనా అని మూడుసార్లు అడిగేది. కళ్ళతో చూసిన మనిషి ఉంటే తప్ప గడప దాటనిచ్చేది కాదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు, ఎదురుగా కూర్చుని తాగే చాయ్ కూడా. గల్లీ వాళ్ళు ఆవిడ ప్రశ్నను పిల్లల ఆటలోకి దించేశారు. మా మెట్ల కింద ఆడుకునే పిల్లలు దొంగ దొరకగానే "ముట్టిందా, కుట్టిందా" అని అరిచేవాళ్ళు. నేనూ ఆఫీసులో ఆవిడను అనుకరించి నవ్వించేదాన్ని. ముసలివాళ్ళ చాదస్తాలు నవ్వుకోవడానికి బాగుంటాయి.

ఒకరోజు ఆటో నడిపే మున్నా కాలివేలికి తేలు కుట్టి వచ్చాడు. ఆదివారం, నేను మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. గింజ పెట్టి ముప్పావు గంటయింది. అది వదులవుతోంది, ఇక రాలబోతోంది. ఆండాలమ్మ ఏమీ ఎరగనట్టు ఒంగి, బొటనవేలితో దాన్ని మళ్ళీ నొక్కింది. "ఇంక జెర ఇసమున్నది, కూసో భాయ్. మీ చెల్లె పిల్లలు మంచిగున్నరా?" అని అడిగింది. నేను చూడటం ఆవిడ గమనించింది. పట్టుబడ్డ చిన్నపిల్లలా చూపు తిప్పుకుంది. నాకు భలే నవ్వొచ్చింది. మందులో కూడా మాయ చేస్తోందే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. ఆలోచించి ఉండవలసింది.

ఎందుకంటే వచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారు. సున్నపు గోడల పాత ఇళ్ళు పడగొట్టి నాలుగంతస్తులు కడుతున్నారు, తేళ్ళకు సందుల్లేవు. కుట్టినా చౌరస్తాలో క్లినిక్ ఉంది, ఇంజక్షనుంది. మొదట్లో వారానికి ఇద్దరు ముగ్గురు, తర్వాత నెలకొకరు. ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే ఆ రాయి కడిగి, గోడకు ఆనించి, గింజల డబ్బా పక్కన పెట్టుకుని, తలుపు బార్లా తీసి కూర్చునేది. నేను ఆఫీసుకు వెళ్తూ "బాగున్నారా మామ్మగారూ" అనేదాన్ని. జవాబు వినేదాకా ఎప్పుడూ ఆగలేదు. సాయంత్రం వచ్చి, మళ్ళీ అదే మాట అని, మెట్లెక్కేదాన్ని. పైన నా గదిలో నేనొక్కదాన్ని, కింద ఆవిడొక్కతి. మధ్యన పద్దెనిమిది మెట్లు. పదకొండేళ్ళు అలా గడిపాం.

ఈ వానాకాలానికి ఎనిమిది నెలలైంది ఎవరూ రాక.

ఆ రోజు మధ్యాహ్నం కూరగాయల సంచితో గల్లీ మలుపు తిరుగుతుంటే, నాలుగిళ్ళ అవతల తనూజ వాళ్ళ వాకిట్లో గోల. తనూజకు పాతికేళ్ళు కూడా ఉండవు. మొగుడు అంజన్ మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు, ఆ పూట పనిమీద ఎక్కడికో వెళ్ళాడు. తనూజ వాళ్ళమ్మ నాగమణమ్మ ఊరినుంచి వచ్చి వారమైంది. పక్కిల్లు పడగొట్టిన ఇటుకల కుప్ప వాళ్ళ గోడకే ఆని ఉంది. వాననీళ్ళు ఇంట్లోకి రాకుండా అడ్డం పెడదామని తనూజ ఆ ఇటుకలు తీస్తోందట. నాగమణమ్మ నన్ను చూసి కేక పెట్టింది. "ఓ అమ్మా! ఆండాలవ్వను జెర పిలువున్రి! మా పిల్లకు పురుగు ముట్టింది!"

నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. అయ్యో పాపం అనిపించకముందే, ఆండాలమ్మకు ఒక మనిషి దొరికిందన్న సంతోషం. సంచి ఊపుకుంటూ పరుగున వెళ్ళి, "మామ్మగారూ, లేవండి! మీకు పని తగిలింది. నాగమణమ్మగారి అమ్మాయికి ఏదో పురుగు కుట్టిందట!" అన్నాను.

ఆవిడ మొహం ఎంత వెలిగిందో నేను మరిచిపోలేను. గోడ పట్టుకుని లేచింది. కడిగిన రాయినే మళ్ళీ కడిగింది. డబ్బాలో చెయ్యి పెట్టి పెద్ద గింజ ఒకటి ఏరింది. జుట్టు సవరించుకుంది. గింజను తడి రాయి మీద నాలుగుసార్లు రుద్దాక అలవాటు చొప్పున అడిగింది. "నువ్వు కండ్లార జూసినవా? ఆమె నోట ఏమన్నది? ముట్టింది అన్నదా, కుట్టింది అన్నదా?"

"అబ్బా, ఇప్పుడు కూడానా! ఏదైతే ఏమిటండీ?"

"ఆపీసమ్మా. మాటకు మాట చెప్పు."

అలాంటి గొంతు ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినలేదు. గుర్తు తెచ్చుకున్నాను. "ముట్టింది అన్నట్టే ఉంది. మీవైపు అలా అంటారు కాబోలని నేనే కుట్టింది అని చెప్పాను."

చేతిలో గింజ రాయి మీద పడి దొర్లింది.

"దాని పేరు మేం తియ్యం" అంది ఆవిడ. "పురుగు అంటం. పురుగు ముట్టింది అంటే గదే."

"అంటే, పామా?"

"అనకు!"

అని, చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో రోజూ గోడలు పట్టుకుని నడిచే మనిషి, ఆ బురదలో నాకంటే ముందు చేరింది.

తనూజ అరుగు మీద కూర్చుని ఉంది. చీలమండ దగ్గర రెండు గాట్లు, చుట్టూ వాపు. ఇటుకల సందులోకి తోక జారిపోవడం నాగమణమ్మ చూసిందట. గల్లీ అంతా పోగైంది. ఆండాలమ్మను చూడగానే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎన్నేళ్ళయిందో ఆవిడ కోసం అంతమంది కళ్ళు ఎదురుచూసి. ఒంగి ఆ గాట్లు చూసింది. నిటారుగా లేచింది.

"దీనికి నా తాన మందు లేదు."

నాగమణమ్మ కాళ్ళ మీద పడింది. "ఉన్నదవ్వా! అందరు చెప్తరు, నీ చెయ్యి వడితె ఇసం దిగుతదని. నీ కాళ్ళు మొక్కుత, మందెయ్యి!"

"తేలుకున్నది. దీనికి లేదు. ఎన్నడు లేకుండె."

"ఒక్కపారి గింజ వెట్టి చూడరాదు, పోయేదేమున్నది?" అన్నారు గుంపులోంచి ఎవరో.

ఆండాలమ్మ అటు తిరిగి అరిచింది. "పోయేదే ఉన్నది! టైమ్ పోతది, పానం పోతది! మున్నా, ఆటో తియ్యి! పెద్ద దవాఖానకు పోనియ్యి. పిల్లను నడ్వనియ్యకున్రి, ఎత్తుకోని కూసోవెట్టున్రి!"

మున్నా అప్పటికే ఆటో తిప్పుతున్నాడు. నలుగురు ఆడవాళ్ళు తనూజను ఎత్తి కూర్చోబెట్టారు. ఆటో కదులుతుంటే నాగమణమ్మ బయటికి తల పెట్టి, గల్లీ అంతా వినేటట్టు, "చేతిల మందు వెట్టుకోని ఇయ్యకపోతివి ముసల్దానా! నా బిడ్డకేమన్నయితె నీకు తలుగుతది!" అని శపించింది. జనం ఆటో వంక చూశారు, తర్వాత ఆండాలమ్మ వంక చూశారు. ఆవిడ బురద కాళ్ళతో ఒక్కతే వెనక్కి నడిచింది.

ఆ సాయంత్రం నేను మెట్లెక్కలేకపోయాను. నా నోట్లో ఒక్క అక్షరం మారింది. ఆవిడ ఆ చాదస్తపు ప్రశ్న అడగకపోయి ఉంటే, తనూజను ఈ గుమ్మంలోకి మోసుకొచ్చి, కాలికి గింజ పెట్టి, అది రాలేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. ఆండాలమ్మ కాళ్ళు కడుక్కోకుండానే రాయి పక్కన కూలబడింది. చీకటి పడబోతోంది, దీపం వెయ్యలేదు. నేనే లేచి స్విచ్చి వేశాను.

"మా ఆయన గిట్లనే పోయిండు" అంది.

నేను వచ్చి ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాను.

"ముప్పై రెండేండ్లయింది. బర్రెలకు గడ్డి కోస్తందుకు మూసీ ఒడ్డుకు పోయిండు. దోస్తు రామలింగయ్య ఆయనను పట్టుకోని తోల్కచ్చిండు. గేటు కాడికెల్లే ఒర్రిండు, వదినా, అన్నకు పురుగు ముట్టింది అని. నేను పాలక్యాన్లు కడుగుతున్న, గలగల సప్పుడు. నాకు కుట్టింది అని వినవడ్డది. వినవడ్డదో, నేనే గట్ల విన్ననో. ఆ దినం పొద్దుగాల్ల ముగ్గురికి మందు వేసిన. నా అంతటిది లేదనుకుంటున్న."

"ఆయన చెప్పలేదా?"

"ఆయన సూడలే. గడ్డిల ఏందో సురుక్కుమన్నదే అన్నడు, గంతే. రామలింగయ్య గా ఒక్క మాట చెప్పి పాలు పొయ్యనీకి పోయిండు, నాకు తెల్సునని. నేను గింజ అరగదీసి వెట్టిన. వట్టలే. జారిపడ్డది. ఇంకోటి వెట్టిన. అదీ వడ్డది. గింజ పాతదేమో అనుకున్న, ఇంకో డబ్బాలకెల్లి తీసిన. ఏడు గింజలు మార్చిన ఆపీసమ్మా. ఏడు. నీ గింజకు గూడ నేనంటె పడ్తలేదే అని నవ్విండు గూడ. ఏడో గింజ వెడ్తున్నప్పుడు మాట ముద్దయింది."

ఆవిడ ఏడవలేదు. నేను ఏడ్చాను. ఆఫీసులో ఆవిడను అనుకరించినప్పుడల్లా నవ్విన మొహాలు, వాటి మధ్యన నా మొహం గుర్తొచ్చి ఏడ్చాను. చాలాసేపటికి, "మరి మందు ఎందుకు మానెయ్యలేదు?" అని అడిగాను.

"మానిన. ఆర్నెల్లు తలుపు వెట్టుకున్న. ఎవ్వలు రాలే. బర్రెలు అమ్ముడుపోయినయి, పాలు లేవు. మందు లేదు. ఇగ నాతోని ఎవ్వలకేం పని? తలుపు తీసిన. కుడితె మనిషొస్తడు. గింజ రాలేదాంక కూసుంటడు. నాతోని మాట్లాడుతడు." కొంచెం ఆగి, "నేను గింజ నొక్కుడు నువ్వు జూసినవ్ గద" అంది.

చూశానన్నాను.

అప్పుడే మున్నా ఫోను చేశాడు. తనూజకు మందు ఎక్కించారని, వేళకు తెచ్చారన్నారని, ప్రాణభయం లేదని చెప్పాడు. ఆండాలమ్మ కళ్ళు మూసుకుని, "మంచిగయింది. మస్తు మంచిగయింది" అంది. తర్వాత లేచి, కింద పడ్డ గింజను వెతికి, డబ్బాలో వేసి మూత పెట్టింది.

తనూజ ఆరో రోజు ఇంటికొచ్చింది. గల్లీలో ఆండాలమ్మను తప్పుపట్టినవాళ్ళు ఎవరూ లేరు. తెలివిగా దవాఖానకు పంపిందని మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ మెచ్చుకోలు వెనకాలే ఇంకో మాట నడిచింది. అవ్వే చెప్పింది కదా, తన దగ్గర మందు లేదని. దేనికి లేదంది, దేనికి ఉందంది అన్నది ఎవరికీ గుర్తులేదు. లేదు అన్న ఒక్క మాట మిగిలింది.

పదిహేను రోజుల తర్వాత పక్క గల్లీ యశోద తడిగుడ్డ చుట్టిన చెయ్యి పట్టుకుని మా గుమ్మం ముందునుంచి గబగబా నడుస్తోంది. ఆండాలమ్మ లోపలినుంచే గుర్తుపట్టి, "బిడ్డా, ముట్టిందా, కుట్టిందా?" అని పిలిచింది.

"తేలే అవ్వా. క్లినిక్‌ల ఇంజక్షన్ చేపిచ్చుకుంట. నీకెందుకు తక్లీఫ్!"

ఎంత మర్యాదగా అందో. ఆగలేదు. ఆమె చేసింది తప్పని నేనెలా అనగలను, నాకు కుట్టినా ఈ రోజున నేనూ క్లినిక్కే వెళ్తానేమో. కానీ మర్నాడు పొద్దున ఆఫీసుకు దిగుతూ చూస్తే ఆండాలమ్మ రాయి కడగలేదు. ఆ మర్నాడూ లేదు. తలుపు ఒక రెక్కే తీసి ఉంది. గింజల డబ్బా అల్మారా పైకెక్కింది. నేను "బాగున్నారా" అన్నాను. ఈసారి ఆగాను. జవాబు రాలేదు.

బతుకమ్మ పండుగ వెళ్ళిన వారానికి, ఒక ఆదివారం మధ్యాహ్నం, కిందినుంచి మాటలు వినబడి మెట్ల దగ్గరకొచ్చి చూశాను. గడప అవతల తనూజ. ఒక కాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది. ఆండాలమ్మ ఆత్రంగా లేవబోతూ, "ఏమైంది బిడ్డా? ముట్టిందా, కుట్టిందా?" అంది.

"ఏదీ లేదవ్వా. ఊకనే వచ్చిన."

ఆ ప్రశ్నకు మూడో జవాబు ఎవరూ చెప్పి ఉండరు. ఆండాలమ్మ సగం లేచినదల్లా అలాగే ఉండిపోయింది. లోపలికి రమ్మనాలో, నిలబెట్టాలో తెలియలేదు. తనూజే గడప దాటి, రాయి పక్కన, అందరూ మందుకు కూర్చునేచోటే కూర్చుంది. వాళ్ళమ్మ ఊరెళ్ళిపోయిందని, ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని చెప్పింది. అంజన్‌కు చాంద్రాయణగుట్టలో దుకాణం కుదిరిందని, ఎల్లుండే ఇల్లు మారుతున్నామని చెప్పింది. ఆండాలమ్మ చాయ్ పెట్టింది. తనూజ తాగింది, ఎదురుగా కూర్చుని ఆవిడా తాగింది. గింజ లేదు, రాలడమూ లేదు. గంట పైన కూర్చున్నారు.

లేచి, గడప దగ్గర తిరిగి నిలబడి, తనూజ అలవాటుగా, "పోయొస్త అవ్వా" అంది.

ఇప్పుడు ఆవిడ అరుస్తుంది, పిల్ల బెదిరిపోతుంది అనుకున్నాను. ఆండాలమ్మ అరవలేదు.

"మంచిది బిడ్డా. పోయి రా" అంది. తనూజ మలుపు తిరిగేదాకా గడపలో నిలబడింది.

తర్వాత తల పైకెత్తి నన్ను చూసింది. "విన్నవా ఆపీసమ్మా? పోయొస్త అన్నది."

"విన్నాను. మరి అనకూడదు కదా?"

"దానికి నేను మందు వెయ్యలే గద. దానికి ఆ కట్టుబాటు, పాబంది లేదు." లెక్క సరిచూసుకున్నట్టు ఇంకోసారి, "వెయ్యలే. దానికి లేదు" అంది. కొంతసేపటికి, "చాంద్రాయణగుట్ట దూరమే. రాదు తియ్యి. ఊకనే అంటరు" అంది. కానీ మర్నాడు తలుపు రెండు రెక్కలూ తీసి ఉంది.

తనూజ ఆ తర్వాత రాలేదు. నెల దాటింది. కొత్త చోటు, కొత్త దుకాణం, ఏ పనుల్లో ఉందో. ఆండాలమ్మ అడగదు. గల్లీ మలుపులో ఏదైనా ఆటో ఆగితే మాత్రం కూర్చున్నచోటునుంచే మెడ చాచి చూస్తుంది. నేను అది చూస్తూ రోజూ ఆఫీసుకు వెళ్ళాను. ఎన్ని రోజులు చూశానో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఒకరోజు పొద్దున మెట్లు దిగి, ఆగి, గడప దగ్గరికెళ్ళి, ఆవిడ భాషలోనే, "పోయొస్త అవ్వా" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. కోపంగా చెయ్యి అడ్డం ఊపింది. "నువ్వనొద్దు! నీకు కందిరీగకు మందు వేసిన గాదా!"

"పదకొండేళ్ళయింది మామ్మగారూ!"

"ఎన్నేండ్లయితేంది? మందు మందే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. "మరి నేనేమనాలి?"

ఆవిడ నా మొహం చూడలేదు. రాయి మీద తడి అరచేత్తో తుడుస్తూ చెప్పింది.

"ఏమనొద్దు. వస్తె చాలు."

ఆ సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి నేను మెట్లెక్కలేదు. సంచి భుజాన ఉండగానే గడప అవతల నిలబడ్డాను. లోపల చీకట్లోంచి ఆవిడ ఎవరో పోల్చుకోలేక, "ఎవ్వలు? ముట్టిందా, కుట్టిందా?" అంది.

"ఊకనే వచ్చిన" అన్నాను.

లోపల రాయిని పక్కకు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"ఇగ రా" అంది. "కూసో."